నాలుగో మెట్టు

ఒంటిరెక్క ఇప్పటికి పదిహేడు సార్లు చచ్చాడు. నవలల్లో తొమ్మిది, సినిమాల్లో ఐదు, గేముల్లో మూడు. ఆడేవాళ్ల చేతకానితనం వల్ల గేముల్లో చచ్చిన చావులు ఇందులో కలపలేదు, వాటి లెక్క ఆ దేవుడికే తెలియాలి. చచ్చిన ప్రతిసారీ ఎలా బతికి వచ్చాడో ఒక కార్డు మీద ఉంటుంది. ఆ కార్డు ఏ సొరుగులో ఉందో ఇంకో కార్డు మీద ఉంటుంది. రెండింటినీ కళ్లు మూసుకుని తీసి చేతిలో పెట్టగల మనిషి ప్రపంచం మొత్తానికి ఒక్కతే. ఆఫీసులో ఆమెను కార్డులక్క అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు కూడా కాసేపు ఆలోచిస్తే గాని గుర్తురాదు.

ఒంటిరెక్క గూఢచారి. ముప్ఫై ఎనిమిదేళ్లుగా అదే వయసులో ఉన్నాడు, అది వేరే సంగతి. అతన్ని పుట్టించిన పెద్దరచయిత పోయి పన్నెండేళ్లయింది. ఆయన పేరు మీద ఇప్పుడు నలుగురు రాస్తున్నారు, నలుగురికీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ఒకాయన పుస్తకంలో ఎడమ భుజానికి తగిలిన గుండు ఇంకొకాయన పుస్తకంలో కుడి భుజాన నొప్పి పెడుతుంది. ఇలాంటివి అచ్చుకు పోకముందే పట్టుకోవడం కార్డులక్క ఉద్యోగం. గదిలో నలభై ఎనిమిది ఇనుప సొరుగులు. నవలలకు తెల్ల కార్డు, సినిమాలకు నీలం, గేములకు గులాబి. ప్రతి కార్డుకూ అడుగున ‘ఆధారం’ అని ఒక గడి ఉంటుంది. ఏ పుస్తకం, ఏ పేజీ, ఏ సీను అని అందులో రాయాలి. ఆధారం లేని కార్డు ఆ గదిలో చెత్తతో సమానం.

గోడ మీద చట్రంలో పెద్దరచయిత చేతిరాత వేలాడుతుంటుంది: ‘తప్పు పట్టిన పాఠకుడికి వారం లోపల జవాబు వెళ్లాలి. నిజమే వెళ్లాలి.’ ఈ రెండు ముక్కలూ కార్డులక్కకు వేదం. ఫోనులో అడిగితే చెప్పదు, కంప్యూటరులో అడిగితే చూడదు. ఉత్తరం రాయాలి. రాస్తే మాత్రం ఆరో రోజుకల్లా జవాబు పోస్టులో పడుతుంది, కార్డు నంబరుతో సహా. ఎవరు రాశారు, ఏ ఊరి పోస్టుముద్ర ఉంది, ఏమడిగారు, ఏం చెప్పాం అన్నది ఒక పెద్ద రిజిస్టరులో ఎక్కుతుంది. మనిషి మంచిదే. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం, అందులోనూ ఆ మూడు కాళ్లకూ కార్డు ఉండే రకం.

ఇరవై రెండేళ్ల కిందట, ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక గొడవ జరిగింది. ఒంటిరెక్కకు తరుముకొచ్చేవాళ్ల నుంచి తలదాచుకునే ఇల్లొకటి ఉంది. నవలల్లో దాన్ని ‘గూడు’ అంటారు. పదో నవలలో గూటి కిటికీ తూర్పుకు తెరుచుకుంది, పక్క అధ్యాయంలో పడమటికి తెరుచుకుంది. బస్తాడు ఉత్తరాలొచ్చాయి. పెద్దరచయిత తల పట్టుకుని కూర్చుంటే కార్డులక్కే ఉపాయం చెప్పింది. “అయ్యా, ఊహించిన ఇల్లు మీకు గుర్తుండట్లేదు. మా ఇల్లు పెట్టేయండి. నా ఇల్లు నేను మర్చిపోలేను కదా” అంది. ఆయన సంతోషించి పదకొండో నవల నుంచి అలాగే చేశాడు. అప్పటినుంచి ముప్ఫై ఒకటో నవల దాకా, మధ్యలో వచ్చిన సినిమాలతో సహా, ఒంటిరెక్క తలదాచుకునేది కార్డులక్క ఇంట్లోనే. ఆ ఇంటిగలావిడ అని నవలల్లో ఒక ఆడమనిషి వస్తుంది. సరిగ్గా సాయంత్రం ఐదున్నరకు ఇంటికి చేరుతుంది. అది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇంటి గుట్టు లంకకు చేటు అని మనవాళ్లు ఊరికే అనలేదు. అయితే అప్పట్లో ఆ ఇంట్లో గుట్టు అనదగ్గదేమీ లేదు. పెళ్లి చేసుకోని ఒంటరి మనిషి, కింద రెండు గదులు, మేడ మీద ఒక గది, పన్నెండు మెట్లు. దొంగ వచ్చినా పాత పుస్తకాలు చూసి జాలిపడి పోవాలి. గుట్టు ఆ ఇంటికి మూడేళ్ల కిందట, మధ్యాహ్నం బస్సులో వచ్చింది. ఒక సంచీ, మడత పెట్టిన ఒక పసుపు కర్టెన్, వాటిని పట్టుకుని చెల్లెలు.

చెల్లెలి మొగుడు భూములు కొలిచే ఉద్యోగి. ఊరూరా తిరుగుతాడు, ఇంట్లో ఉన్న సాయంత్రాలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని గేములాడతాడు. ఓడిపోతే చేతికందింది విసురుతాడు. ఎడమచేతివాటం మనిషి కనుక దెబ్బలన్నీ ఆమెకు కుడివైపే పడేవి, కుడిచెవి ఇప్పటికీ మందం. ఆఖరి రోజు వెలుగుతున్న దీపం విసిరాడు. అది ఆమెకు తగలకుండా పోయి కిటికీకున్న కర్టెన్‌కు అంటుకుంది. ఆ కర్టెన్ వాళ్లమ్మ కుట్టింది. చెల్లెలు మంట ఆర్పి, కర్టెన్ కొక్కేల్లోంచి తీసి, మడతపెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడింది. “నువ్వు ఎక్కడున్నా కొలిచి మరీ పట్టుకుంటా” అని అతను వీధి గుమ్మంలోంచి అన్నాడట. ఆ మాట ఆమె అక్కకు ఒక్కసారే చెప్పింది, మళ్లీ ఎత్తలేదు. కాలిన చోట ఆకు ఆకారంలో ఆకుపచ్చ గుడ్డ అతుకువేసి, ఆ కర్టెన్‌ను మేడ గది కిటికీకి కట్టుకుంది. అతను ఈ ఇంటికి ఎప్పుడూ రాలేదు, అడ్రసు తెలియదు. అక్క ఏ ఆఫీసులో పనిచేస్తుందో కూడా అడిగి తెలుసుకున్న మనిషి కాదు.

చెల్లెలు మేడ గదిలో కూర్చుని ఒక దర్జీ దుకాణానికి చొక్కాలకు కాజాలు కుడుతుంది. బయటికి వెళ్లదు. సెల్‌ఫోను పెట్టుకోదు, దాన్ని పట్టుకుని మనిషిని కనిపెట్టొచ్చని ఎవరో చెప్పారు. మంచం పక్కన పాత తీగ ఫోను ఉంది. ఆమెకు ధైర్యమిచ్చేది ఒకటే, మెట్ల వరసలో కింద నుంచి నాలుగో మెట్టు. ఆ చెక్క ఎప్పుడో వదులైంది. కాలు పడితే ముసలి మేకలా అరుస్తుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ మూడు మీంచి అయిదుకు దాటేస్తారు. మీటరు చూసేవాడు, గ్యాసుబండ తెచ్చేవాడు, ఎవరొచ్చినా దాని మీద కాలు వేయక తప్పదు, అది అరవక తప్పదు.

“అది మోగితే పరాయి మనిషి, మోగకపోతే నువ్వు” అనేది చెల్లెలు. “దాన్ని మాత్రం బాగుచేయించకక్కా. అదే నా కాపలా కుక్క.”

ఆమె బాగుచేయించమన్నది ఇంకోటి. వెనక తలుపు. కార్డులక్క రాకపోకలు దాంట్లోంచే. దాని గడియ పేరుకే గడియ. తలుపును కాస్త పైకెత్తి తోస్తే పిల్లి కూడా లోపలికి రావచ్చు. చెల్లెలు ఏడాదిపాటు పోరితే కార్డులక్క ఒక ఆదివారం వడ్రంగిని పిలిపించింది. అతను సరంజామా దించి, గడియ ఊడదీయబోతుండగా ఈవిడకు ప్రాణం గిలగిల్లాడింది. పద్నాలుగో నవలలో ఒంటిరెక్క ఆ తలుపును పైకెత్తే కదా తప్పించుకున్నాడు. ఇరవై మూడులోనూ అంతే. ఇప్పుడు కొత్త గడియ పడితే ముందు ముందు రాసేవాళ్లు కొత్త గడియే రాస్తారు, పాత పుస్తకాలన్నీ తప్పులైపోతాయి.

“కొన్నాళ్లు ఆగుదాం” అంది వడ్రంగితో.

“అక్కా, పిలిచిన మనిషిని పంపించేస్తావా?” అంది చెల్లెలు వంటింటి గుమ్మంలోంచి.

“గేము ఒకటి తయారవుతోందే. వాళ్లు ఇల్లంతా ఫొటోలు తీసుకోవాలి. అది విడుదలయ్యాక తలుపేం ఖర్మ, ఇల్లే మార్పిద్దాం.”

“ఏం గేము?”

“ఆఫీసు గొడవలే” అని మాట దాటేసింది. గేమన్న మాట వింటేనే చెల్లెలి మొహం పాలిపోతుంది. ఆ చప్పుళ్లు గుర్తొస్తాయి కాబోలునని, కార్డులక్క ఆ మూడో గేము సంగతులేవీ ఇంట్లో ఎత్తేది కాదు. ప్రేమకొద్దీ దాచింది. తలుపు దగ్గర చూపించాల్సిన ప్రేమ మాట దగ్గర చూపించింది, అంతే తేడా.

ఫొటోలు తీసిన రోజున చెల్లెలు వంటింట్లో తలుపేసుకుని కూర్చుంది. గేము కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్లలో పెద్ద, బొమ్మల పని చూసే గడ్డపాయన, మేడ గదిలో గోడగోడకూ కొలతలు తీశాడు. మెట్లు ఎక్కి దిగి చప్పుళ్లు రికార్డు చేశాడు. పోతూ పోతూ కార్డులక్కకు ఎంతో గొప్పగా చెప్పాడు.

“ఈసారి శత్రువు వైపు నుంచి కూడా ఆడొచ్చక్కా. గూట్లోకి చప్పుడు కాకుండా పోవాలి. మేడ మీదున్న మనిషికి తెలియకుండా గది తలుపు దాకా చేరాలి.”

“చేరితే?”

“చేరితే గెలిచినట్టు.”

కార్డులక్క మెట్ల వైపు చూసింది. చూసి, “మెట్లు పన్నెండు, గుర్తుంచుకోండి. రెండో సినిమాలో పదమూడు పెట్టి పరువు తీశారు” అంది.

గేము విడుదలైంది. మొదటి వారంలోనే లక్షల మంది ఆ ఇంటి వెనక తలుపు పైకెత్తారు, లక్షల మంది ఆ మెట్లెక్కారు. కార్డులక్క ఆఫీసులో ఒకసారి తెర మీద చూసింది. తన ఇంటి గోడ మీది తేమ మరక కూడా ఉన్నచోట ఉన్నట్టే ఉంది. కడుపు నిండిపోయింది. మేడ గది కిటికీకి పసుపు కర్టెన్ ఊగుతుంటే, ఎంత శ్రద్ధగా వేశారో, కింది మూల అతుకుతో సహా, అని మురిసిపోయింది.

నెల తిరగకుండా మొదటి ఉత్తరం వచ్చింది. టైపు కొట్టిన కాగితం, కింద ‘ఒక పాత పాఠకుడు’ అని సంతకం. ఉద్యోగరీత్యా ఊళ్లు తిరుగుతుంటానని, జవాబు ఉత్తరం వేసిన ఊరి పోస్టాఫీసుకు పంపితే వచ్చి తీసుకుంటానని రాశాడు. పోస్టుముద్ర ఎక్కడో రేవున్న ఊరిది.

‘నవలల్లో గూటి మేడ కిటికీకి ఆకుపచ్చ కర్టెన్. గేములో పసుపు, కింది మూల ఆకు ఆకారంలో అతుకు. ఇది బొమ్మలు వేసినవారి సరదానా, లేక నిజంగా ఉన్నదేనా? తెలుపగలరు.’

కార్డులక్కకు ఆ ఉత్తరం ఎంతో నచ్చింది. పాఠకుడంటే ఇలా ఉండాలి. ఇరవై రెండేళ్లలో కర్టెన్ అతుకు దాకా చూసినవాడు ఇంకొకడు లేడు. నిజమే వెళ్లాలి కనుక నిజమే రాసింది: ‘పసుపే సరైనది. గూటికి ఆధారమైన అసలు ఇంట్లో మూడేళ్లుగా ఉన్నది అదే. ఆకుపచ్చ అని ఉన్న కార్డు సవరించాం. మీ నిశితమైన చూపుకు కృతజ్ఞతలు.’ ఆ కర్టెన్ తనకు రోజూ కనిపించేదే, దాని కథ తనకు తెలిసిందే. అయినా ఆఫీసు కుర్చీలో కూర్చుంటే ఆమెకు అది కర్టెన్ కాదు, ఒక గులాబి కార్డు.

రెండో ఉత్తరం రైల్వే జంక్షన్ ఊరి నుంచి వచ్చింది. కిటికీలోంచి కనిపించే నీళ్లట్యాంకుకు గేములో మూడు కాళ్లున్నాయి, పదకొండో నవలలో నాలుగు, పైన ఎర్రచార. ఏది నిజం? నాలుగు, చార నిజమే, అని వెళ్లింది జవాబు. మూడోది పెద్ద పోస్టాఫీసు ముద్రతో వచ్చింది. అది ఈ ఊరిదే. గడియారాలు బాగుచేసే కొట్టు గూటికి ఎదురుగానా, పక్కనా? రైలు కూత ఏ వైపు నుంచి వినిపిస్తుంది? ఎదురుగానే, మూడు ఇళ్ల అవతల. కూత ఎడమ నుంచి. నాలుగో ఉత్తరంలో వెనక తలుపు గురించి అడిగాడు. పద్నాలుగో నవలలో పైకెత్తి తోస్తారు, ఏడో సినిమాలో గడియ తీస్తారు. ఇంటిగలావిడ రాక ఒకచోట ఐదున్నర, ఒకచోట ఆరు. కార్డులక్క రెంటికీ కార్డు నంబర్లు వేసి మరీ జవాబిచ్చింది. ఎత్తి తోయడమే. ఐదున్నరే.

ఐదో ఉత్తరం రెండు ముక్కలు.

‘గేములో అరిచేది ఐదో మెట్టు. నవలల్లో నాలుగోది. ఎవరి మాట నమ్మాలి?’

ఇది చదివి కార్డులక్క కుర్చీలోంచి లేచింది. నిజమే. గేములో ఐదో మెట్టే మోగుతోంది. తాను స్వయంగా చూసి కూడా పట్టుకోలేకపోయిన తప్పు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అప్పటికప్పుడు గేము కంపెనీకి సవరణ పంపింది. పాత పాఠకుడికి జవాబు తన చేత్తో రాసింది: ‘నాలుగోదే. మూడు మీంచి అయిదుకు దాటితే చప్పుడు ఉండదు. పొరపాటుకు మన్నించండి.’

ఆ సాయంత్రం ఇంటికి పోయి మెట్లెక్కుతూ ఎందుకో నాలుగో మెట్టు దగ్గర ఆగింది. వంగి చెక్కను చేత్తో తడిమింది.

“ఏమైందక్కా?” అని పైనుంచి చెల్లెలు.

“ఏం లేదు. నాలుగోదేనా కాదా అని లెక్కపెడుతున్నా.”

“అది నాకు నిద్రలో కూడా తెలుసు” అంది చెల్లెలు. ఈ మధ్య ఆమెకు నిద్ర పడుతోంది. నిన్నగాక మొన్న పాట కూడా పాడింది, సగంలో ఆపేసినా. వచ్చే నెల తానే వెళ్లి కాజాల చొక్కాలు దర్జీకి ఇచ్చి వస్తానంది. కార్డులక్కకు ఆ మాట విని ఏడుపొచ్చినంత పనైంది.

తొమ్మిది రోజుల తరవాత ఒక గురువారం ఉదయం గడ్డపాయన ఫోను చేశాడు.

“అక్కా, మీ సవరణ నిన్న పెట్టేశాం. కొంపలంటుకున్నాయి. ఐదో మెట్టుకు అలవాటు పడ్డవాళ్లంతా నాలుగో దాని మీద కాలేసి దొరికిపోతున్నారు. తిట్లే తిట్లు.”

“అలవాటు పడతారులే” అంది కార్డులక్క. “తప్పు దిద్దాక కొన్నాళ్లు నొప్పి ఉంటుంది.”

మధ్యాహ్నం మూడింటి టపాలో ఆరో ఉత్తరం వచ్చింది. ఇంక ఇతను ఏం పట్టుకున్నాడో అని ఆత్రంగా కవరు చించింది.

‘ఇదే నా ఆఖరి ప్రశ్న. గూటి పసుపు కర్టెన్ అతుకు కింద కాలిన మచ్చ ఉంది. దీపం తగిలి కాలింది. ఆ దీపం విసిరింది ఏ చేత్తో, కుడా ఎడమా? మీ కార్డుల్లో ఉంటే తెలుపగలరు. లేకపోతే నేనే వచ్చి చెబుతాను.’

కార్డులక్క చేసిన మొదటి పని ఏమిటంటే, దీపాల సొరుగు లాగడం. మరొకరైతే ఏం చేసేవారో గాని ఆమె చేసింది అదే. ఆరో నవలలో లాంతరు, గోడకు, కుడిచేత్తో. పంతొమ్మిదో నవలలో బల్లదీపం, తీగతో సహా. నాలుగో సినిమాలో వేలాడే దీపాల గుత్తి, ఎవరూ విసరలేదు, తెగిపడింది. ఎక్కడా కర్టెన్ కాలలేదు. కర్టెన్ల సొరుగు లాగింది. కాలినది ఒకటే, తొమ్మిదో సినిమాలో హోటలుది, సిగరెట్టుతో. మంటలు, మచ్చలు, అతుకులు, ఎడమచేతివాటం. నలభై ఎనిమిది సొరుగుల్లో ఇరవై పైనే తెరిచింది. గడియారం ఐదు దాటింది చూసుకోలేదు. ఆఫీసువాళ్లు ఒక్కొక్కరూ వెళ్లొస్తామన్నారు, తలూపింది. తన కార్డుల్లో లేని సంగతి ఒక పాఠకుడికి తెలుసు. ఆ మాట ఆమెకు మింగుడు పడలేదు. ఈ నలుగురు రచయితల్లో ఎవడో తనకు చూపించకుండా అచ్చుకు పంపాడని పళ్లు నూరింది.

చివరికి తెల్ల కార్డు ఒకటి తీసుకుంది. ఆధారం దొరికాక నింపొచ్చు, ముందు సంగతి రాసి పెడదామనుకుంది. ‘దీపం, విసిరినది’ అని రాసింది. ‘కర్టెన్ కాలుట’ అని రాసింది. ‘చేయి’ అని రాసి, దాని పక్కన ‘ఎడమ’ అని రాసింది.

రాశాక కలం ఆగింది. ఎడమ అని తనకెలా తెలుసు?

కలం అలవాటు కొద్దీ కిందికి, ఆధారం గడిలోకి పోయింది. పుస్తకం పేరు రాయాల్సిన చోట ‘చెల్లెలు’ అని రాసింది.

ఆ మాటను ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. రిజిస్టరు దగ్గరికి లాక్కుని పోస్టుముద్రల వరుస మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివింది. ఇన్నాళ్లూ అడ్డంగా చదివిందే గాని ఆ వరుసను నిలువుగా ఎప్పుడూ చదవలేదు. రేవు ఊరు. రైల్వే జంక్షన్. ఈ ఊరి పెద్ద పోస్టాఫీసు. పాత బజారు పోస్టాఫీసు. స్టేషను పోస్టాఫీసు. ఈ ఆఖరి కవరు ఇంకా రిజిస్టరులో ఎక్కలేదు. తిరగేసి ముద్ర చూసింది. నీళ్లట్యాంకు పోస్టాఫీసు. వాళ్ల వీధి చివరిది. తేదీ నిన్నటిది.

మూడేళ్లు ఆ పిల్లను రెప్పలా కాచానని తన నమ్మకం. కంచే చేను మేసింది. ట్యాంకు, కొట్టు, తలుపు, వేళ, మెట్టు, ఒక్కొక్కటే తన చేత్తో, తన సంతకంతో, కార్డు నంబరుతో సహా ఇచ్చింది. మన్నించండి అని కూడా రాసింది.

ఫోను తీసి ఇంటి నంబరు తిప్పింది. ఒక అంకె తప్పు పడింది, మళ్లీ తిప్పింది. ఐదూ నలభై ఐదు. తాను ఇంట్లో ఉండాల్సిన వేళ దాటిపోయింది. అవతల ఒకసారి మోగింది, రెండుసార్లు మోగింది. మూడోసారికి ఎత్తారు.

“అలో” అంది చెల్లెలు. గొంతు తేలిగ్గా, పనిలో ఉన్నట్టుగా ఉంది. నోట్లో దారం పెట్టుకుని మాట్లాడుతోంది.

“నేనే. చెప్పేది విను. తలుపు—”

“అక్కా?” చెల్లెలు నవ్వింది. “ఇదేం ఆట? మెట్ల మీంచి ఫోను చేస్తున్నావా?”

“మెట్లేమిటి? నేను ఆఫీసులోనే ఉన్నా.”

అవతల దారం తెంపిన చప్పుడు వినిపించింది. తరవాత కుర్చీ కిర్రుమంది. చెల్లెలు మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు గుసగుసలోకి దిగింది, చిన్నప్పుడు చీకట్లో అక్క చెయ్యి వెతుక్కున్నప్పటి గొంతు అది.

“మరి వెనక తలుపు తీసుకుని ఎవరో వచ్చారక్కా. పైకి ఎక్కారు. నాలుగోది మోగలేదు.”